రెండే అరలు: నాన్న పుస్తకాల్లో ఏవి ఉంచాను, ఏవి పంపేశాను

రెండరలు · ఆదివారం ఉదయం 9:10

గుంటూరు ఇల్లు అమ్మేశాం. నాన్న పోయి మూడేళ్లయింది, అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఆయన పుస్తకాలు పదకొండు అట్టపెట్టెల్లో మియాపూర్‌లోని మా ఫ్లాటుకి వచ్చాయి. ఇక్కడ వాటికి దొరికింది రెండే అరలు, మిగతా గోడంతా టీవీదీ మావాడి క్రికెట్ కిట్‌దీ. తూకానికి వేసేద్దామని మా ఆయన అన్నారు. ఒక్కసారే లెండి, నా మొహం చూశాక మళ్లీ అనలేదు. భక్తి పుస్తకాలు అమ్మ గదిలోకి వెళ్లిపోయాయి. నవలలు, కథలు, ఆత్మకథలు నా వంతు. మళ్లీ చదవకుండా ఒక్క పుస్తకాన్నీ గడప దాటించకూడదని షరతు పెట్టుకుని కూర్చున్నా. ఏడాదిన్నర పట్టింది, ఇంకా రెండు పెట్టెలున్నాయి. నేను తెలుగు ఎమ్మే కాదు, బ్యాంకులో పనిచేస్తా. తిట్టదలచుకున్నవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి.

వేయిపడగలు. నాన్నకి ప్రాణం. 1934లో విశ్వనాథ 29 రోజుల్లో చెప్పుకుంటూ పోతే తమ్ముడు రాశారట అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు వడ్డించేవారు. నేను ఇంతకుముందు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ సుబ్బన్నపేట పొలిమేరలోనే ఆగిపోయా. ఈసారి పట్టుబట్టి పూర్తి చేశా. కథానాయకుడు ధర్మారావు మాట్లాడుతుంటే మా పెదనాన్న గుర్తొస్తారు, మనం అడగబోయేది ఆయనే అడిగేసి జవాబు కూడా ఆయనే చెప్పేస్తారు. పసిరిక అనే చిత్రమైన కుర్రాడు ఉన్న పేజీలు మాత్రం తెల్లారుజామున చేలో నిలబడ్డట్టు ఉన్నాయి. అయినా పంపేసే పెట్టెలో పెట్టేశా. ఒక్కటే మూడు పుస్తకాల చోటు తింటోంది.

చలం మైదానం నాన్నది కాదు, నాది. డిగ్రీలో ఫిజిక్స్ రికార్డు అట్ట వేసుకుని చదివా. అప్పుడు రాజేశ్వరి అంటే పిచ్చి, వకీలు మొగుణ్ణి వదిలేసి అమీర్‌తో వెళ్లిపోవడమే నాకు పెద్ద విషయం. ఇప్పుడు 46 ఏళ్లకు చదివితే నా బుర్రలో తిరిగిన ప్రశ్న ఒక్కటే: ఈ అమీర్ ఏం పని చేస్తాడు, వీళ్లకి బియ్యం ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? వెన్నెల, ఇసుక, ఏరు అన్నీ ఉన్నాయి, పొయ్యి దగ్గర పని ఎవరిదో తెలీదు. నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. కానీ 1927లో ఒక మొగాడు ఈ కథంతా ఆడదాని నోటితో చెప్పించాడంటే ఇప్పటికీ గుండె దడగానే ఉంటుంది. ఉంచేశా.

బుచ్చిబాబు చివరకు మిగిలేది చదువుతుంటే కోపం వచ్చింది. దయానిధి మంచివాడే, వాళ్లమ్మ గురించి ఊరంతా అన్న మాటలన్నీ వాడి నెత్తిన పడ్డాయి, ఒప్పుకుంటా. కానీ డాక్టరు చదివిన మనిషి కదా, చుట్టూ అంతమంది ఆడవాళ్లు ఉంటే ఒక్కళ్లతోనైనా నీకేం కావాలమ్మా అని అడగడే! ఎంతసేపూ తనకేం కావాలో వెతుక్కోవడమే. అమృతం వచ్చినప్పుడల్లా గదిలో దీపం పెట్టినట్టు ఉంటుంది, ఆవిడ వెళ్లగానే మళ్లీ చీకటి. అమృతం కోసం ఉంచా.

యండమూరి వెన్నెల్లో ఆడపిల్ల. ఇంటర్లో రెండు రాత్రులు నిద్రలేకుండా చదివి ఏడ్చిన పుస్తకం. ఈసారి మావాడికి కథ చెప్పా: చెస్ ఆడే రేవంత్‌కి ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తుంది, తనెవరో చెప్పకుండా ఫోన్ నంబరు కనుక్కోమని పజిల్స్ ఇస్తుంది. వాడు చిప్స్ తింటూ, కాలర్ ఐడీ ఉంటే మొదటి పేజీలోనే శుభం కార్డు పడేది కదమ్మా అన్నాడు. అంతే, నవల మొత్తం నా కళ్లముందు చచ్చిపోయింది. పంపేశా. పాపం రచయిత తప్పేం లేదు.

బారిస్టర్ పార్వతీశం గురించి రాయడానికేం లేదు. మద్రాసులో దొరసాని టోపీ కొనుక్కుని అదే పెట్టుకుని ఓడెక్కిన మనిషిని ఎవరైనా బయటికి పంపుతారా? నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు చదివి వినిపించింది ఇదే. మొదటి భాగం ఒక్కటే దొరికింది, మిగతా రెండూ ఏ పెట్టెలో ఉన్నాయో.

ఇక అసలు విషయం. వనవాసి. బెంగాలీలో బిభూతిభూషణ్ రాసిన ఆరణ్యక్‌కి సూరంపూడి సీతారాం తెలుగు. నాన్న దీని పేరు ఎప్పుడూ ఎత్తలేదు. నాలుగో పెట్టె అడుగున ఉంది, చివర్లో కొన్ని పేజీలు చెదలు కొట్టేశాయి. కలకత్తాలో ఉద్యోగం లేని సత్యచరణ్ బీహార్ అడవిలో ఎస్టేటు మేనేజరుగా వెళ్తాడు. అడవిని కౌలుకి ముక్కలుగా ఇచ్చేయడమే అతని ఉద్యోగం. వెళ్లిన కొత్తల్లో పారిపోవాలనిపిస్తుంది, తర్వాత అడవి పట్టుకుంటుంది, పట్టుకున్నాక కూడా కొట్టించడం ఆపడు. జీతం కదా. అందులో యుగళప్రసాద్ అని ఒకడున్నాడు, ఎక్కడెక్కడివో పూలమొక్కల విత్తనాలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు, ఎవరూ చూడరని తెలిసీ నాటుతాడు. ఆ పేజీల దగ్గర రైలు దిగడం మర్చిపోయి చందానగర్‌లో తేలా. మొదటి అరలో మొదటి పుస్తకం ఇదే.

పంపేసే పెట్టెలు మా ఊరి గ్రంథాలయానికి ఇద్దామని వెళ్తే చోటు లేదు, పైగా పాతవన్నారు. గ్రంథాలయంలో పాతవి కాకపోతే ఏముంటాయండీ? సరే, అది వేరే ఏడుపు.

---

కృష్ణలంక కుర్రాడు · ఉదయం 9:48

బియ్యం ఎక్కణ్ణుంచి వస్తున్నాయి 😂😂 మేడమ్, ఇకమీదట ఏ పుస్తకం తీసినా ఇదే గుర్తొస్తుంది నాకు.

వెన్నెల్లో ఆడపిల్లని మాత్రం అన్యాయంగా పంపేశారు. నాకు చదవడం నేర్పింది యండమూరే. మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్లో రోజుకి రూపాయి, తులసిదళం తెచ్చుకుని రాత్రి ఒక్కణ్ణీ బాత్రూంకి వెళ్లలేక తమ్ముణ్ణి లేపిన రోజులున్నాయి. మీరు చెప్పే పెద్దపెద్దవన్నీ ఆ కొట్లోంచి నడుచుకుంటూ వచ్చాకే చదివా.

---

పాతపేపరు · ఉదయం 11:05

అమ్మా, నాకు 71. మీ నాన్నగారి పక్షాన నేను మాట్లాడాలి, ఆయన లేరు కాబట్టి.

ముందు చిన్న విషయం. వేయిపడగలు రాసింది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి. బహుమతి ఒక్కరికే రాలేదు, అడివి బాపిరాజు నారాయణరావుకీ దీనికీ కలిపి పంచారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ కాలం ఎంత తర్జనభర్జన పడిందో తెలుస్తుంది. పి.వి. నరసింహారావు దీన్ని సహస్రఫణ్ అని హిందీలోకి తెచ్చారు. అంత పని ఉన్న మనిషి అంత లావు పుస్తకం దగ్గర కూర్చున్నారంటే ఏదో ఉండే ఉంటుంది కదా.

ధర్మారావు ఉపన్యాసాలు విసుగే, నాకూ విసుగే. ఆయన అభిప్రాయాల్లో చాలావాటితో నాకు పడదు, కులం గురించి చెప్పేవాటితో అసలు పడదు. కానీ ఆ నవలలో ధర్మారావు గెలవడు. కోటా పోతుంది, గుడీ పాడుపడుతుంది, ఆయన చూస్తూ ఉంటాడు. ఓడిపోయేవాడు ఎక్కువ మాట్లాడతాడమ్మా, ఇంట్లో నన్ను చూసైనా చెప్పగలను. ఇంకొకటి, ఇది నోటితో చెబుతుంటే రాసుకున్న పుస్తకం. కళ్లతో చదివితే బరువు, ఎవరైనా పైకి చదువుతుంటే వినండి, వాక్యం ఊగుతుంది. మీ అమ్మగారు చదవగలరా?

---

ఎంజీబీఎస్ లాస్ట్ బస్ · మధ్యాహ్నం 12:31

అక్కా అంతా బాగుంది గానీ పదకొండు పెట్టెల్లో ఒక్క తెలంగాణ పుస్తకం లేదా? సుబ్బన్నపేట, పార్వతీశం ఊరు మొగల్తూరు, బీహార్ అడవి కూడా వచ్చింది, గోదావరికి ఇవతల ఒక్క ఊరు రాలె 🙂

మీ బియ్యం ప్రశ్నకు జవాబు ప్రజల మనిషిలో ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామిది, 1950లలో వచ్చింది. ఊర్లో పండిన గింజ ఎవని గాదెలకు పోతదో, ఎవడు రాసుకుంటడో, ఎవనికి చేతులు జోడించాల్నో మొత్తం దాంట్లోనే ఉంది. రాసిన మనిషి కథ ఇంకో నవల. చిన్నప్పుడు ఇండ్లల్లో వంటపని చేసినోడు, హోటల్లో పనిచేసినోడు, తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు అచ్చేసి ఊరూరా తిరిగి అమ్మినోడు. నిజాం రాజ్యంలో, తెలుగు చదువే దొరకని దినాలల్ల! జైళ్లు కూడా చూసిండు.

నిజం చెప్పాలంటే నవలగా అక్కడక్కడ కుంటుతది. హీరో కంఠీరవం మరీ మంచోడు, వాడు నోరు తెరిస్తే మీటింగుల కూసున్నట్టే ఉంటది. మా తాత ఈ పుస్తకం వినుకుంట మధ్యలో ఆపి, ఈ దొర మా ఊరి దొరనే అన్నడు. నాకది చాలు. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు కూడా చదవండి, నవలగా అదే గట్టిది. కోఠి ఫుట్‌పాత్ మీద దొరుకుతయి, లేకుంటే నాకు చెప్పండి.

---

సీమపిల్ల · మధ్యాహ్నం 2:15

చివరకు మిగిలేది గురించి నాదొక గొడవ ఉంది. దయానిధి కోస్తాలో ఉన్నంతవరకూ బుచ్చిబాబుకి ఆ మనుషులు తెలుసు, ఒక్కొక్కరి నడక మనకి కనిపిస్తుంది. రాయలసీమకు రాగానే మా నేల ఆయనకి బొమ్మ అయిపోయింది. రాళ్లు, ఎండ, వజ్రాలు. మనుషులేరీ? మా కడప వైపు వాళ్లం దాన్ని చదువుకుని, ఓహో మేం ఇట్లుంటామా అనుకున్నాం. గొప్ప నవలే, కాదనను. డిగ్రీలో అందరూ ఏడ్చిన చోట నేనూ ఏడ్చా.

సీమ కావాలంటే సీమవాళ్లను చదవండి. నామిని పచ్చనాకు సాక్షిగా పైకి చదవాల్సిన పుస్తకమే, పాతపేపరు గారు వేయిపడగలకు చెప్పిన మాట దీనికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వాళ్లమ్మ తిట్టే తిట్టు అచ్చులో చూస్తే కష్టంగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే బెల్లం. మా నాయన కాలం చేసిన ఏడు అది చదివి నవ్వి, నవ్వినందుకు ఏడ్చి... వద్దులే.

ఇంకా కొత్తది కావాలంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం. 2019లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది. ఇంజనీరింగు చదివి ఉద్యోగం రాని పిల్లోడు కరువులో గొర్రెలను తోలుకుని వాళ్ల నాయనతో నల్లమల ఎక్కుతాడు. సినిమా చూసి పుస్తకం చదివేశాం అనుకోవద్దు, సినిమాలో ప్రేమకథ ఎక్కువైంది. పుస్తకంలో నీళ్లు ఎక్కడున్నాయి, పులి ఎటునుంచి వస్తుంది, రాత్రి ఎవరు కాపలా, ఇదే టెన్షన్. కొన్నిచోట్ల పాఠం చెప్పినట్టు ఉంటుంది, అది తీసేసి ఉంటే ఇంకా బాగుండేది.

---

నిద్రపట్టని డాక్టర్ · రాత్రి 11:52

డ్యూటీలో ఉన్నా, కేసులు లేవు, అందుకే ఇంత రాస్తున్నా.

మీ జాబితాలో కాలాతీత వ్యక్తులు లేకపోవడం ఏంటండీ? డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల, మొదట తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1961లో పోయారు ఆవిడ, చాలా చిన్న వయసు. నేను ఎంబీబీఎస్ రెండో ఏడు విశాఖలో చదివా, అందులో ప్రకాశం కూడా మెడికల్ స్టూడెంటే. వాడిలాంటి వాళ్లు మా హాస్టల్లో ఫ్లోరుకి పది మంది ఉండేవాళ్లు (నేనూ ఒకణ్ణేమో). మంచివాళ్లు, మర్యాదస్తులు, అవసరం వచ్చేసరికి మావయ్య వెనకాల దాక్కునేవాళ్లు. ఇందిర గురించి అందరూ గడుసుది, స్వార్థపరురాలు అంటారు. మెడిసిన్ అయ్యాక మళ్లీ చదివా. తండ్రి సంపాదించడు, పైగా తాగుడు, పేకాట. ఇల్లంతా ఆ పిల్ల జీతం మీద నడుస్తోంది. మీ భాషలో చెప్పాలంటే ఆ నవలలో బియ్యం ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిసిన మనిషి ఇందిర ఒక్కతే! మిగతావాళ్ల సున్నితత్వాలన్నీ ఎవరో వండిపెట్టిన అన్నం తిన్నాక వచ్చినవి.

దీన్నే 1963లో చదువుకున్న అమ్మాయిలు అని సినిమా తీశారు. పాటలు బాగుంటాయి. ఆ ఇందిర కోసం వెతక్కండి, దొరకదు.

అంపశయ్య కూడా చదివారా? ఉస్మానియా హాస్టల్లో రవికి ఒక్క రోజు, అంతే నవల. డబ్బుల్లేక, మెస్ బిల్లు కట్టలేక, వాడి బుర్రలో తిరిగే సొదంతా. నాకు నచ్చింది కానీ రెండోసారి చదవలేను. పరీక్షల ముందు రోజు మళ్లీ బతికినట్టు ఉంటుంది.

---

డబ్లిన్ డాబా · సోమవారం తెల్లవారుజామున 3:20

ఏడు తరాలు ఎవరి దగ్గరా లేదా? ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకెళ్లిన కుంటా కింటే, అతని వంశం కథ, అలెక్స్ హేలీ రాసిన రూట్స్‌కి తెలుగు. ఇంటర్లో సహవాసి అనువాదం చదివి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడికొచ్చాక ఇంగ్లీషు రూట్స్ కొన్నా, లావు చూసి కళ్లు తిరిగాయి. అప్పుడర్థమైంది, మనం చదివింది సంక్షిప్తం అని. ఎవరికి కోపమొచ్చినా సరే, నాకు తెలుగుదే బాగుంది. కుంటా కింటేని పట్టుకెళ్లే చోటు తెలుగులో నాలుగు చిన్న వాక్యాల్లో అయిపోతుంది, ఊపిరి ఆగుతుంది. ఇంగ్లీషులో హేలీ అక్కడికి రావడానికే చాలాసేపు తీసుకుంటాడు.

తర్వాత ఇంకో సంగతి తెలిసి మనసు విరిగింది. కోర్లాండర్ అనే రచయిత తన నవలలోంచి భాగాలు ఎత్తేశాడని హేలీ మీద కేసు వేస్తే, 1978లో డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు. వంశచరిత్ర నిజమా కాదా అనే గొడవ వేరే ఉంది. ఇది తెలిశాక ఆ పుస్తకాన్ని ఏం చేయాలి? నేనింకా తేల్చుకోలేదు. అరలో ఉంది, వెన్ను గోడవైపు తిప్పి పెట్టా.

---

కృష్ణలంక కుర్రాడు · సోమవారం ఉదయం 8:02

వెన్ను గోడవైపు తిప్పి పెట్టడం ఏంటి బ్రో, శిక్షా?

---

డబ్లిన్ డాబా · ఉదయం 8:40

అలాంటిదే. బెయిల్ మీద ఉంది.

---

పాతపేపరు · ఉదయం 10:15

నాయనా, నవలగా చదువు, చరిత్రగా చదవకు. బందీలుగా ఓడల్లో తీసుకుపోయినవాళ్లు నిజం, ఆ ఓడలు నిజం. ఆ మనిషి తన తాతముత్తాతలను సరిగ్గా లెక్కపెట్టాడా లేదా అన్నది వేరే వ్యాజ్యం. నిజంగా నడిచిన జీవితమే కావాలంటే తిరుమల రామచంద్ర హంపీ నుంచి హరప్పా దాక చదువు. సంస్కృతం చదువుకున్న సంప్రదాయ కుటుంబంలోని పిల్లవాడు ఇల్లు వదిలి దేశమంతా తిరుగుతూ లాహోరులో తాళపత్రాల మధ్య తేలతాడు. గొప్పలు పోడు. ఆకలేసిందని చెప్పడానికి సిగ్గుపడడు, ఎవరు అన్నం పెట్టారో మర్చిపోడు. అమ్మాయి అడిగిన బియ్యం లెక్క ఆయన దగ్గర పక్కాగా ఉంటుంది.

---

మోడరేటర్ · ఉదయం 10:30

పీడీఎఫ్ లింకులు అడుగుతూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. కొనుక్కోండి, లేదా ఇక్కడే ఎవరినైనా అడిగి అరువు తీసుకోండి. అరువు తీసుకున్నవాళ్లు తిరిగివ్వండి, ఇది నా సొంత బాధ.

---

రెండరలు · మంగళవారం రాత్రి 9:37

రెండు రోజులు ఆఫీసులో ఆడిట్, ఇప్పుడే అన్నీ చదివా. వరసగా చెప్పలేను, తోచినట్టు చెప్తా.

ఎంజీబీఎస్ తమ్ముడూ, నువ్వన్నది నిజం. ఇప్పటిదాకా తెరిచిన పెట్టెల్లో ఒక్కటీ లేదు. నాన్న ముప్పై ఏళ్లు కొన్న పుస్తకాలు, హైదరాబాదుకి ఎన్నోసార్లు వచ్చారు, కోఠిలోనే తిరిగేవారు, అయినా ఒక్కటీ లేదు. నేనూ ఇక్కడ ఇరవై రెండేళ్ల నుంచి ఉంటున్నా, నాకూ తోచలేదు. చిల్లర దేవుళ్లు నిన్న కొన్నా. నలభై పేజీలయ్యాయి, కొన్ని మాటలు మా వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకుంటున్నా. ఆయనకి ఇప్పుడు కథ మీద నాకంటే ఆత్రంగా ఉంది, పొద్దున లిఫ్టు దగ్గర ఆపి తర్వాత ఏమైందమ్మా అని అడిగాడు.

సీమపిల్లా, బుచ్చిబాబు సీమ భాగం నేను గబగబా తిప్పేశా, నాకు విసుగెందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. అక్కడ నాకూ మనుషులు కనపడలేదు, తప్పు నా ఓపికదేమో అనుకున్నా.

డాక్టరు గారూ, కాలాతీత వ్యక్తులు ఉంది, ఇంకా తెరవని పదో పెట్టెలో. మీ పోస్టు చూసి టేపు చించా. లోపల అట్ట మీద అమ్మ పేరుంది, పెళ్లికి ముందు ఇంటిపేరుతో. ఇన్నాళ్లూ ఇవన్నీ నాన్న పుస్తకాలనే అంటున్నా నేను. అమ్మని అడిగితే, ఇందిరంటే నాకిష్టం, మీ నాన్నకి పడేది కాదు, అందుకే లోపల పెట్టేశా అంది. ఇంకేం చెప్పలేదు, పప్పు పొంగుతోందని వెళ్లిపోయింది. వనవాసి కూడా నీదేనా అంటే తలూపింది. చెదలు కొట్టేసిన ఆ చివరి పేజీల్లో ఏముందో వంటింట్లో నిలబడే చెప్పింది, నేను రాసుకున్నా.

ఇక పాతపేపరు గారికి. అమ్మ రోజూ భోజనాలయ్యాక వేయిపడగలు పది పేజీలు పైకి చదువుతోంది. మీరన్నట్టు వాక్యం ఊగుతోంది. ధర్మారావు ఉపన్యాసం మొదలవగానే అమ్మే కళ్లజోడు తీసేసి, ఇక్కణ్ణుంచి మీ నాన్న మాట్లాడతారు, రేపు చూద్దాం అంటోంది. పంపేసే పెట్టెలోంచి తీసేశా. అరలో చోటు లేదు, ప్రస్తుతానికి ఫ్రిజ్ మీద ఉంది.

---

ఎంజీబీఎస్ లాస్ట్ బస్ · రాత్రి 9:50

వాచ్‌మన్ అన్నకు ఇంకో కాపీ నేను తెచ్చిస్తా. నా దగ్గర రెండున్నయి.

---

నిద్రపట్టని డాక్టర్ · రాత్రి 10:11

మేడమ్, అమ్మగారి దగ్గర ఇంకేమేం ఉన్నాయో అడిగారా? పదకొండో పెట్టె తెరిచారా?

---

రెండరలు · రాత్రి 10:25

ఆదివారం తెరుస్తాం, ఇద్దరం కలిసి. మావాడి క్రికెట్ కిట్ బాల్కనీలోకి వెళ్లింది, ఇప్పుడు మూడు అరలు.

---

కృష్ణలంక కుర్రాడు · రాత్రి 10:27

అయితే వెన్నెల్లో ఆడపిల్లకి చోటుందన్నమాట 🙏